ఆ ఆదివారం గేటుకు ఆకు లేదు

మొన్న మునిసిపాలిటీ వాళ్ళు రంపాలతో వచ్చి మా వీధి మలుపులో ఉన్న సిరింగా చెట్టును కొట్టేశారు. ఎందుకయ్యా అని అడిగితే, అది ఈ దేశపు చెట్టు కాదు, ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ పాతుకుపోయింది, ఇలాంటివన్నీ తీసెయ్యమని ఆర్డరు అన్నాడు మేస్త్రీ. ఇంకాస్త వాదిస్తే నా సంగతి కూడా ఆరా తీస్తాడేమోనని లోపలికి వచ్చేశాను. సిరింగా అంటే మన తురకవేప. ఆకు అచ్చం వేపాకులాగే ఉంటుంది, వేప దొరకని ఈ డర్బన్‌లో మనవాళ్ళు తరతరాలుగా దాన్నే వేప అనుకుని అమ్మవారికి కట్టారు. నరికిన కొమ్మలు సాయంత్రం దాకా గేటు ముందే పడి ఉన్నాయి. ఆ పచ్చివాసన వంటింట్లోకి వస్తుంటే పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. మా ఆయన ఏమిటన్నట్టు చూసి, కొమ్మల వంక చూసి, తనే బ్రెడ్డు కాల్చుకున్నాడు.

నేను ఈ ఊరికి వచ్చింది దక్షిణాఫ్రికాలో రంగు తేడా లేకుండా అందరూ మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడు. కాకినాడలో లెక్కలు చెప్పుకుంటున్నదాన్ని, ఇక్కడ చాట్స్‌వర్త్ పేటలో ఒక హైస్కూలు వాళ్ళకు లెక్కల టీచరు కావాలంటే, మా ఆయన్నీ నాలుగేళ్ళ కొడుకునీ అక్కడే ఉంచి ముందుగా ఒక్కదాన్నే వచ్చాను. ఏడాది చివర సెలవుల్లో వెళ్ళి ఇద్దర్నీ తీసుకురావాలని అనుకున్నాం. మెరీబ్యాంక్‌లో ఒక పెద్దావిడ ఇంటి వెనకగదిలో అద్దెకు దిగాను. రిఫైనరీల పక్కనే ఇళ్ళు కాబట్టి, గాలి మళ్ళినప్పుడల్లా కిరసనాయిలు కొట్లో కూర్చున్నట్టు ఉండేది. ఆవిడకు మాత్రం ఆ వాసన ఉన్నట్టే తెలియదు. ఆవిడ ముత్తాతలు చెరకు తోటల పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఏ ఊరినుంచి అంటే తెలియదు, సముద్రం పక్క ఊరు అనేది. పెద్దమ్మా అని పిలిచేదాన్ని, నన్ను ఇండియా పిల్లా అనేది. తిట్టడానికి, దేవుణ్ణి పిలవడానికి, అన్నం పెట్టడానికి ఆవిడ దగ్గర తెలుగు పుష్కలంగా ఉంది. మిగతా వ్యవహారమంతా ఇంగ్లీషులోనే. నా తెలుగు విని, "నువ్వు రేడియోలా మాట్లాడతావు" అని పెదవి విరిచేది.

ఆవిడకు ఒక్కతే కూతురు. ఊరికి ఆ చివర అవోకాలో ఉండే ఒక ఎలక్ట్రీషియన్‌ను చేసుకుంది. వాళ్ళదీ ఒకప్పటి తెలుగు కుటుంబమే, అతని నాన్న కాలంలో చర్చిలో కలిశారు. పెళ్ళయ్యాక ఈ పిల్లా చర్చికి వెళ్ళడం మొదలుపెట్టింది. అంతవరకు పెద్దమ్మ ఓర్చుకుంది. కానీ నేను రాకముందు ఒక ఏడు, పెరట్లో గంగమ్మకు మొక్కు తీర్చుకుంటున్న రోజున, బంధువులందరి ముందు ప్రసాదం చేతిలో పెడితే ఆ పిల్ల తినను అంది. మెల్లిగానే అంది పాపం. పెద్దమ్మ మాత్రం వీధంతా వినపడేలా, "అయితే నా గుమ్మం తొక్కొద్దు" అనేసింది. కూతురు ప్రసాదం ఆకు పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఇదంతా పెద్దమ్మ నాకు చెప్పలేదు, పక్కింటావిడ చెప్పింది. పెద్దమ్మ చెప్పిందల్లా, "నాకు ఒక కూతురు ఉండాది" అని మాత్రమే.

ఆ నవంబరులో, పరీక్షలు ముంచుకొస్తుండగా, మా స్కూల్లో ఆటలమ్మ మొదలైంది. ఒక బెంచీ ఖాళీ అయింది, తరవాత వరస, తరవాత సగం క్లాసు. నల్లవాళ్ళ పిల్లలను మా స్కూల్లో చేర్చుకున్నది ఆ మధ్యనే. ఆ పిల్లలే తెచ్చారని స్టాఫ్‌రూములో తేల్చేశారు. ఈ స్కూలుకు పంపబట్టే మా పిల్లలకు అంటిందని ఆ తల్లులు గేటు దగ్గర గోల పెట్టారు. మా వీధిలోనైతే అది నేరుగా ఇండియానుంచి నా పెట్టెలో వచ్చిందన్నారు. ఎవరికి ముందు వచ్చిందో తెలిసినవాడు ఒక్కడూ లేడు, నిందలు వేయడానికి అది అడ్డమూ కాలేదు. నేను మాత్రం ఎవరినీ ఏమీ అనకుండా, టికెట్టు కొనుక్కుని, కొడుక్కి బొమ్మ లారీ కొని పెట్టెలో పెట్టుకున్నాను. ఒక పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే మెడ మీద నీటిపొక్కులు. చిన్నప్పుడు రాని ఆటలమ్మ, ముప్పై దాటాక, విమానం ఎక్కబోతుండగా వచ్చింది.

పొక్కులతో విమానం ఎక్కనివ్వరని, మానాక డాక్టరు కాగితం తెస్తే టికెట్టు మారుస్తామని ట్రావెల్ ఏజెంటు ఫోన్లో చెప్పాడు. హాల్లో ఉన్న ఫోన్ దగ్గరే ముఖానికి కొంగు కప్పుకుని కాకినాడకు ఫోన్ చేశాను. మా ఆయన, "అంత దూరం పోయినా అమ్మవారు వదల్లేదన్నమాట" అన్నాడు. వెనకనుంచి పిల్లవాడు అమ్మ ఏ విమానంలో వస్తోందని అడగడం వినపడి ఫోన్ పెట్టేశాను. వెనక్కి తిరిగితే పెద్దమ్మ నా పొక్కులకు చేతులెత్తి దండం పెడుతోంది.

"అమ్మ వొచ్చినాది. ఏడిస్తే ఆమెకి కోపం. తూలా, తూలా," అంది. ఊరుకోమనడానికి ఆవిడ ఎప్పుడూ ఆ జూలూ మాటే వాడేది. తరవాత నా గదిలోకి వచ్చి, సర్దిన పెట్టె తెరిచి, చీరలన్నీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. "అమ్మ ఇంట్ల ఉండంగా పెట్టె కడతారా? పొమ్మన్నట్టు ఉంటాది." ఇంట్లో తాలింపు బంద్, నూనె బంద్, మాంసం సరేసరి. పొద్దున అంబలి, మధ్యాహ్నం పెరుగన్నం. పెరటి చెట్టునుంచి సిరింగా మండలు కోసుకొచ్చి ఒక కట్ట నా మంచం కింద పెట్టింది, ఒక కట్ట గేటుకు కట్టింది. ఆ గేటు కట్ట మహిమ నేను చూశాను. పోస్టువాడు ఉత్తరాలు గోడ మీద పెట్టి పోయాడు. బ్రెడ్డు వ్యాను ఆగలేదు. ఎదురింటి సాయిబు గారు, పక్క వీధి చర్చి వాళ్ళు కూడా ఆకు చూసి అవతలి వైపు నడిచారు. ఆ వీధిలో పుట్టిన వాళ్ళెవరికైనా దాని అర్థం ఒక్కటే: అమ్మ ఉంది, లోపలికి రావద్దు.

జ్వరం బాగా ఉన్న శనివారం మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చి నా గుమ్మంలో నిలబడింది. ఎప్పుడూ నేరుగా మంచం దగ్గరకు వచ్చే మనిషి, గడప దాటలేదు. కూతురు ఫోన్ చేసిందట. ఏడో నెలట. రేపు చర్చి అయ్యాక వస్తానందట. చెబుతూనే గేటు వైపు చూసింది.

"వద్దు పెద్దమ్మా. కడుపుతో ఉన్న పిల్ల. వచ్చే వారం రమ్మనండి" అన్నాను.

"ఒకసారి రావొద్దు అన్నాను. రెండోసారి నా నోరు అనదు."

"నాకు బాగాలేదని చెప్పండి, అర్థం చేసుకుంటుంది."

"ఆకు చూస్తే అది ఏమి అనుకుంటాది? అమ్మ ఇంకా గుమ్మం మూసే ఉండాది అనుకుంటాది. పోయి మళ్ళీ రాదు, మై గర్ల్." పెరటి వైపు చెయ్యి చూపించి, "నువ్వు వెనక గదిలో ఉండావు. అది ముందు గదిలో కూచుంటాది. మధ్యలో పెరడు ఉండాది" అంది. నాకు వాదించే ఓపిక లేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆదివారం పొద్దున కిటికీలోంచి చూశాను. పెద్దమ్మ గేటు దగ్గర వంగి ముడి విప్పుతోంది. విప్పిన కట్టను కళ్ళకద్దుకుని, గేటు పక్కన చెత్తడబ్బాలో కుక్కి, మూత పెట్టి, చెయ్యి మూత మీదే ఉంచి నిలబడింది. తరవాత కొంతసేపటికి వంటింట్లోంచి తాలింపు వాసన వచ్చింది. ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు. ఆవిడ ఎంతకు తెగించిందో అప్పుడు అర్థమైంది నాకు. గంగమ్మ అంటే వణికిపోయే మనిషి, అమ్మ ఇంట్లో ఉండగా కూతురికి పప్పు తాలింపు పెట్టింది.

తరవాత మూసిన కళ్ళ మీద చల్లగా ఏదో తగిలి లేచాను. నా మంచం పక్కన ఒక పిల్ల కూర్చుని ఉంది, కడుపు మీద ఒక చెయ్యి పెట్టుకుని. అచ్చం పెద్దమ్మ ముక్కు. వెనకగదిలో అద్దెకున్నావిడకు ఫ్లూ అని తల్లి చెప్పిందట, తల్లి వంటింట్లో ఉండగా పలకరిద్దామని వచ్చిందట. నేను దుప్పటి ముఖం దాకా లాక్కుని, ఆటలమ్మ, దగ్గరకు రావద్దు, వెళ్ళిపో అన్నాను. ఆమె లేవలేదు.

"తెలుసక్కా" అంది. అక్కా అన్న ఒక్క మాటే ఆమె తెలుగు, మిగతాదంతా ఇంగ్లీషు. "ఆకులు చూశాను. డబ్బా మూత సరిగా పట్టలేదు. మా అమ్మ ఎందుకు తీసిందో కూడా తెలుసు. గేటు దాకా వచ్చి నేను వెనక్కి తిరిగితే మా అమ్మ తట్టుకోలేదు."

నీకు చిన్నప్పుడు వచ్చిందా అని అడిగాను. "వచ్చే ఉంటుంది. ఈ వీధిలో రానిది ఎవరికి?" అని నవ్వి, బల్ల మీదున్న గులాబీరంగు మందు దూదితో నా వీపుకు పూసింది, నా చెయ్యి అందని చోట. లేచేటప్పుడు, "నేను చూశానని మా అమ్మకు చెప్పకండి" అంది. ముందు గదిలోంచి ఇద్దరి నవ్వులూ సాయంత్రం దాకా వినపడ్డాయి. ఆ ఇంట్లో పెద్దమ్మ నవ్వు నేను వినడం అదే మొదలు.

ఆమెకు చిన్నప్పుడు రాలేదు. వీధిలో ఎప్పుడు అమ్మవారు పోసినా పెద్దమ్మే ఆ పిల్లను అవోకాలో ఉన్న చెల్లెలింటికి పంపేసేదట. అంత జాగ్రత్తగా పెంచింది కాబట్టే రాలేదు. ఆ సంగతి, కూతుర్ని ఆటలమ్మతో చేర్చిన ఆసుపత్రి వరండాలో, అల్లుడి పక్కన కూర్చుని, పెద్దమ్మ తనకు తాను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. అప్పటికి నాకు మూడు నీళ్ళూ పోశారు, పొక్కులు రాలిపోయాయి, కొత్త టికెట్టు చేతికొచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఇది ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని కుర్ర డాక్టరు ఒకడు నేలకేసి చూస్తూ చెప్పాడు. పెద్దమ్మను లోపలికి పంపలేదు, తలుపుకున్న అద్దంలోంచి చూడమన్నారు. అద్దం ఎత్తుగా ఉంది, పెద్దమ్మ పొట్టి. అల్లుడు ఎక్కడినుంచో ఒక స్టూలు తెచ్చి వేసి, ఆవిడ ఎక్కి నిలబడి ఉన్నంతసేపూ మోచెయ్యి పట్టుకున్నాడు. చర్చి వాళ్ళు వరండా ఆ చివర గొంతు తగ్గించి ప్రార్థన చేశారు, ఈ చివర పెద్దమ్మ గంగమ్మకు దండాలు పెట్టింది. ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, బతికింది. తల్లి మూడో రోజు పోయింది.

చర్చి వాళ్ళ పద్ధతిలో పాతిపెట్టారు. పెద్దమ్మ ఎదురు చెప్పలేదు. గుంట దగ్గర ఎవరో ఆవిడ చేతిలో మట్టి పెట్టారు. దాంతో ఏం చేయాలో తెలియక పిడికిలి బిగించి అలాగే ఉండిపోయింది, ఇంటికి వచ్చాక నేను వేళ్ళు విప్పి చెయ్యి కడిగాను. ఆ వారంలోనే నేను విమానం ఎక్కాను. నా కొడుకు బొమ్మ లారీ చూసి గంతులేస్తుంటే నాకు సంతోషపడటం చేత కాలేదు. నాకు ఏమైందో మా ఆయనకు అర్థం కాలేదు, చెప్పాలంటే మొదలెక్కడో నాకు తెలియలేదు.

జనవరిలో ముగ్గురం తిరిగి వచ్చాం. పెద్దమ్మ ముందు గదులు మాకిచ్చి తను వెనకగదిలోకి మారింది, వద్దన్నా వినలేదు. ఒక మధ్యాహ్నం పెరట్లో చిక్కుళ్ళు ఒలుస్తూ, తల ఎత్తకుండా, "ఆకు ఉంటే అది వొచ్చేది కాదు. నా బిడ్డని నేను మోసం చేసినాను" అంది. చెప్పొద్దని ఆ పిల్ల అన్న మాట గుర్తొచ్చింది. అయినా చెప్పేశాను. ఆకులు చూసిందని, తెలిసే వచ్చిందని. పెద్దమ్మ చేతిలో కాయ అలాగే ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టి, "ఏమన్నాది? మళ్ళీ చెప్పు" అంది.

అప్పటినుంచి ఎన్నిసార్లు చెప్పించుకుందో. టీ ఇస్తూ అడిగేది, బట్టలు ఆరేస్తూ అడిగేది. ఒకరోజు విని "మొండిది" అని మురిసేది. ఇంకోరోజు విని, నా కోసమే చచ్చిపోయింది అని తలబాదుకునేది. అదే మాట ఆవిడకు ఒకరోజు మందు, ఒకరోజు విషం. ఏ రోజు ఏదవుతుందో తెలియక భయపడుతూ, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పేదాన్ని. ఆవిడ పోయేదాకా చెప్పాను.

అల్లుడు మంచివాడు, నెలనెలా మనవరాలిని తెచ్చి చూపించేవాడు. ఆ పిల్లకు ఇప్పుడు తనకే ఇద్దరు పిల్లలు, తల్లి పోయిన వయసును ఎప్పుడో దాటేసింది. వచ్చినప్పుడల్లా తల్లి గురించి అడుగుతుంది. ఎలా నవ్వేది, పొడుగా, తనలాగే ఎడమచేతి వాటమా అని. ఆ ఆదివారం గురించి ఇంతవరకు అడగలేదు, తనను కడుపులో పెట్టుకుని తల్లి ఆ గేటు దాటిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఈసారి చెబుదాం, ఈసారి చెబుదాం అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. చెప్పొద్దన్న ఆ పిల్ల వయసు అక్కడే ఆగిపోయింది, చెప్పాల్సిన నేనే ముసలిదాన్ని అయిపోతున్నాను.