క్రేన్లు కనపడే ఎత్తు

ఆ ఫోటో ఎంత ఎత్తునుంచి తీయాలో చెప్పింది నేనే. ఎవరితో అన్నా నమ్మరు. నాలుగో తరగతితో బడి మానేసిన దాన్ని, ఆ డ్రోన్ రిమోటు చేత్తో ముట్టుకోలేదు కూడా. అయినా "ఆపు, ఇక్కడే" అన్న మాట నాదే.

మనవరాలికి అదే ఉద్యోగం. పెళ్లిళ్లకి, కాలేజీ ఫంక్షన్లకి, దువ్వాడ వైపు వేసే లేఅవుట్లకి డ్రోన్ ఎగరేసి ఫోటోలు తీస్తుంది. నా కొడుకు కూతురు, నా చేతుల్లో పెరిగిన పిల్ల. అరిగిపోయిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అతికించి వాడమని నేర్పింది నేను. పూర్ణా మార్కెట్‌కి నాతో వచ్చి, ధర తగ్గేదాకా కూరల దగ్గర మొహం చిట్లించి నిలబడడం నేర్చుకుంది. ఇంట్లో అందరికీ నేనంటే భయం. దానికి మాత్రం భయంతో పాటు చనువు.

సీతమ్మధారలో మాది ఒంటి అంతస్తు ఇల్లు, పైన డాబా. మా ఆయన పోర్టులో క్రేన్ నడిపే రోజుల్లో కట్టుకున్నాం. ఇల్లు నా పేరున ఉంది. ఇరుగుపొరుగు ఇళ్లు ఒక్కొక్కటే పడగొట్టి అపార్టుమెంట్లు లేపుతుంటే, మనమూ బిల్డరుకి ఇద్దామని ఆమధ్య కొడుకు అడిగాడు. నేను బతికుండగా వద్దన్నాను. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తలేదు కదా, ఒప్పుకున్నాడనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్న బియ్యం ఏరుకుంటుంటే మనవరాలు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మామ్మా, డాబా మీదకి రా. తాతయ్య పనిచేసిన పోర్టు మనింటి మీంచి కనపడేలాగ పెద్ద ఫోటో తీసి ముందు గదిలో పెడదాం. సుట్టూ మొత్తం ఊరొచ్చేస్తాది."

"దానికెంతవుద్దే?"

"ఏటీ అవదు. డ్రోన్ మనదే కదా."

"నేవీ వోళ్లూరుకుంటారేటి? ఊరి మీద ఏదెగిరినా ఆళ్లనడగాలంట కదా."

"పర్మిషన్ తెచ్చినాను, పదా."

ఇంట్లో పెట్టుకునే ఫోటోకి అంత తిప్పలెందుకని నాకు అప్పుడే తట్టాల్సింది. కానీ మా ఆయన పేరెత్తితే నాకు ఇంకేదీ తట్టదు. ఆ సంగతి దానికి బాగా తెలుసు.

డ్రోన్ కందిరీగలా రొద చేస్తూ లేచింది. కొంత ఎత్తుకి వెళ్లి ఆగి, ఉన్నచోటే తన చుట్టూ తాను మెల్లగా తిరిగింది. అలా తిరుగుతూ ముక్కలు ముక్కలుగా తీస్తుందట, ఆ ముక్కల్ని ఒక్క ఫోటోగా అతకడం తర్వాతి పనట. రిమోటుకి బిగించిన ఫోనులో చూపించింది. పక్కింటి వాళ్లు ఆరేసిన దుప్పట్లు, డిష్ గొడుగు.

"ఈమాత్రానికి ఇదెందుకే? పిట్టగోడెక్కితే నానే సూస్తాను," అన్నాను.

నవ్వి, ఇంకాస్త పైకి లేపింది. ఈసారి ఎదురింటి కొబ్బరిచెట్ల తలలు. ఇంకాస్త పైకి పోతే పక్క అపార్టుమెంటు నీళ్ల ట్యాంకు, సరిగ్గా పోర్టు వైపే అడ్డం. మళ్లీ లేపింది. ట్యాంకు కిందికి జారిపోయింది. దాని వెనకాల డాబాలు, డాబాల వెనక సన్నగా సముద్రం, యారాడ కొండ, కొండకి ఇవతల మెడలెత్తి నిలబడ్డ క్రేన్లు.

మా ఆయన ఉన్నన్నాళ్లూ క్యారేజీ కట్టి ఇచ్చానే గానీ, పనిచేసే చోటు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు.

"మీ తాత అలాంటిదాని మీదే కూకునీవోడే," అన్నాను.

అది డ్రోన్‌ని ఇంకా పైకి పంపింది. అక్కడినుంచి ఊరంతా చాటలో పోసిన నూకల్లా ఉంది. క్రేన్లు గుండుసూదులైపోయాయి. సముద్రమేదో ఆకాశమేదో మంచులో కలిసిపోయింది.

"అంతెత్తు ఎవులికోసమే? దించు. దించు... ఆపు, ఇక్కడే."

"కన్నంటే మా మామ్మదే!" అని నా బుగ్గ గిల్లింది. తీసిన ఫోటో అటూ ఇటూ జరిపి చూపించింది. ఊరంతా ఉంది.

"మనిల్లేదే?"

"మనింటి నడినెత్తి మీద ఉండి తీశాం కదా మామ్మా. ఎదర సూస్తే కాళ్లకింద ఉన్నది కనపడదు."

సరే అనుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం దానికిష్టమని చేపల పులుసు పెట్టాను.

వారం తిరగకుండా కొడుకు ఒకతన్ని ఇంటికి తీసుకొచ్చాడు. బిల్డరు తరఫు మనిషి. కుర్చీలో కూర్చుని, సంగతంతా నాకు ముందే తెలుసన్నట్టు, చేతిలో పలకలాంటి దాన్ని నా ముందు పెట్టాడు. అదే ఫోటో.

"మామ్మగారూ, ఐదో అంతస్తు బాల్కనీలోంచి కనపడేది ఇదేనండి. నాలుగులో ట్యాంకు అడ్డొస్తుంది. కొనేవాళ్లకి కూడా ఈ ఫోటోయే చూపిస్తాం. ఎత్తు మీరే సెలెక్ట్ చేశారంట కదా, మీ పాప చెప్పింది!"

డ్రోన్ ఆగిన చోటల్లా ఒక అంతస్తు. నేను మా ఆయన క్రేన్లు చూసుకుంటుంటే, అది బాల్కనీలు చూసుకుంది.

"అమ్మా, నీకు నచ్చిన ఎత్తులోనే నీకు ఫ్లాటు. రోజూ సూసుకోవచ్చు. సంతకం ఒక్కటీ..." అని కొడుకు నసిగాడు.

"నాకు నచ్చింది ఫోటోరా. ఇల్లు పడగొట్టమని నాననేదు."

వచ్చినతనికి మంచినీళ్లిచ్చి, వెళ్లి రమ్మన్నాను. సంతకం పెట్టలేదు.

సాయంత్రం మనవరాలు వంటింటి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"ఏటే, నాకొకటి సెప్పి ఆళ్లకొకటి అమ్మినావా?"

"అమ్మలేదు మామ్మా. నాన్న తియ్యమన్నారు. నీకు సెప్తే వద్దంటావు కదా."

"అడిగితే కదా వద్దనడానికి! మీ నాన్న ఒకసారి అడిగినాడు, వద్దన్నాను. మళ్లీ అడగనేక నిన్నంపినాడు. నువ్వేమో మీ తాతని తెచ్చి మజ్జిలో ఎట్టినావు."

అది ఏడుపు మొహం పెట్టింది. "క్రేన్లు సూసి నువ్వు సంతోషపడలేదేటి? అదైతే అబద్ధం కాదు కదా."

కాదు. నా మంట అంతా అక్కడే. ఒట్టి అబద్ధమాడి మోసం చేసి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నిజంగానే నన్ను సంతోషపెట్టి, ఆ సంతోషాన్ని పట్టుకెళ్లి బిల్డరు మనిషి చేతిలో పెట్టింది. పోర్టు చూస్తూ నేనన్న మాట కూడా వాళ్లకి చెప్పిందో ఏమో. అడగలేదు. చెప్పేశానని అది అంటే తట్టుకోలేనని భయం.

ఒక్కటి మాత్రం అడిగాను. "ఆవేళ నాకు ఏ ఎత్తూ నచ్చకపోతే ఏటి సేసీదానివి?"

తల దించుకుని, "నచ్చేదాకా పైకెత్తీదాన్ని," అంది.

అది నిజమే చెప్పింది. అప్పటినుంచి డాబా తలుపుకి తాళం వేసి, చెవి నా కొంగుకి కట్టుకున్నాను. వీధిలో నిలబడి కూడా డ్రోన్ ఎగరేయొచ్చని నాకు తెలుసు. ఈ ఫోటో నాటకం లేకుండా నేరుగా మళ్లీ అడిగుంటే ఇల్లు ఇచ్చేదాన్నేమో, అది నాకే తెలియదు. వాళ్లు అలా అడగనేలేదు. ఇప్పటికీ అందరం ఒకే కుండలో అన్నం తింటున్నాం. అది "మామ్మా" అని పిలిస్తే పలుకుతాను. ఏదైనా చూడడానికి రమ్మంటే మాత్రం పనుందంటాను.