కర్మన్‌ఘాట్‌కు రాని కారు

మా ఇంట్లో ఏ బండి కొన్నా ముందు కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి తీసుకుపోతాం. పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే రోడ్డెక్కిస్తాం. అలాంటిది మా బిడ్డ శ్రీలంకలో కారు కిరాయికి తీసుకుని, నన్నూ పిల్లల్నీ ఎక్కించుకుని, సముద్రం పక్కనుంచే దీవి చుట్టూ తనే తోలుతానంది. దారిలో వచ్చే ఊళ్ల పేర్లు తెలుగులో రాసి నా ఫోనుకు పంపింది. ముసలితనంలో చదువు నేర్చినదాన్ని, దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కినప్పటి నుంచి వాటినే కూడబలుక్కుంటున్నాను. ఒక్కో పేరుకూ భయం పెరుగుతోంది.

పక్క సీటులో కోస్తా వైపు ఆవిడ ఒకరు "ఏంటండీ అంత దిగులు?" అని అడిగింది. సంగతి చెప్పాను.

"ఆ కారుకు పూజ ఎట్ల చేయించాలె? ఎవరెవరు తోలిన్రో, ఎవర్ని గుద్దిన్రో! నేను రానని చెప్త."

"లంక దారి హనుమంతుడికి మనం చెప్పాలా పిన్నిగారూ?" అని నవ్వింది. తర్వాత మెల్లగా, "మీ అనుమానం కారు మీదా, అమ్మాయి తోలడం మీదా?" అంది.

నాకు ఒళ్లు మండింది. "నా బిడ్డ మీదనా? మా ఇంట్ల మొగోళ్లు గూడ ఆమె లెక్క తోలరు!"

"ఆ మాట అమ్మాయికి ఎప్పుడైనా చెప్పారా?"

ఎల్బీనగర్‌లో ఆవిడ దిగిపోయింది. బస్సు కదలకముందే బిడ్డకు ఫోన్ చేశాను.

"వస్తున్నవా అమ్మా, రావా?" అంది, నేను తిడతాననే అనుకుని.

నా భయం పోలేదు. అయినా, "ముందట నీ పక్కన నేనే కూసుంట" అన్నాను.