శుక్రవారం గొంతులు

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. కోరుట్లలో బందు లేని వారం అరుదు. నా బిడ్డకు ఇంకా పళ్లు రాలేదు. మా ఆయన దుబాయ్‌లో ఉండేవాడు. ఆయన గదిలోని వాళ్లందరూ మా వాడవాళ్లే. శుక్రవారం వాళ్లకు సెలవు. ఆ రోజు వినడానికి నేను వాళ్ల ఇంటింటికీ తిరిగి ఇంట్లోవాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసి, ఇంటర్నెట్ సెంటర్ నుంచి పంపేదాన్ని. వారం వారం పంపుతానని నేనే మాటిచ్చాను. పాపను చంకనేసుకుని తిరిగేసరికి ప్రాణం పోయేది.

బందు రోజు సెంటర్ తెరవరు. అందుకని ఒకసారి రెండు వారాలవి ముందే రికార్డు చేసి పంపాను. రెండోది ఆ పై శుక్రవారం వినిపించమని మా ఆయనకు చెప్పాను. హమ్మయ్య అనుకున్నాను. ఆ రెండోదాంట్లో, నేను ఖాలా అని పిన్ని వరసలో పిలిచే పక్కింటావిడ, గదిలో అందరూ వింటారని తెలుగులోనే, ఆ గదిలోనే ఉండే చిన్న కొడుకుతో అంది: "నాకేమైంది బేటా, గుండ్రాయి లెక్కున్న. రంజాన్‌కే రా, తొందరేం లేదు."

ఆ రెండోది వాళ్లు వినే లోపే ఖాలాకు పక్షవాతం వచ్చింది. రాస్తారోకోలు దాటుకుని జగిత్యాల ఆసుపత్రికి చేర్చారు. మాట పడిపోయింది.

ఆమె పెద్ద కొడుకు మా గడప దగ్గర నిలబడ్డాడు. "చెల్లె, తమ్మునికి చెప్పలే. చెప్తె నౌకరి ఇడ్సిపెట్టి ఉరికస్తడు. నీ దాంట్ల అమ్మీ మంచిగున్న అన్నది గద, గదే ఇననియ్యి."

"గా మాట పోయిన వారంది భాయ్."

"ఎప్పటిదైతేంది, అమ్మీ మాటనే గద!"

గల్ఫ్‌కు మగవాళ్లను పంపిన ఇళ్లలో జబ్బులు దాచడం కొత్త కాదు. పాపకు జ్వరమొస్తే నేనూ దాచేదాన్ని. కానీ ఆ గొంతుతోనే దాచడానికి మనసొప్పలేదు. రెండోది పెట్టొద్దని మా ఆయనకు ఫోన్ చేశాను. కారణం చెప్పలేదు.

శుక్రవారం గదిలో అందరూ ఎదురుచూశారు. ఏమీ వినిపించకపోయేసరికి ఆ తమ్ముడికి అనుమానం వచ్చి ఇంటికి ఫోన్ చేశాడు. "అమ్మీకియ్యి" అని పట్టుబట్టాడు. ఇవ్వలేకపోయారు.

అతడు వచ్చేశాడు. ఖాలా గుర్తుపట్టింది, మాట రాలేదు. కొన్నాళ్లకు పోయింది. పెద్ద కొడుకు నాతో మాట్లాడటం మానేశాడు. తమ్ముడే ఒకరోజు వచ్చి, "అక్కా, గా రెండోది ఇనిపియ్యి" అన్నాడు. గడప మీద కూర్చుని విన్నాడు.

ఆ తర్వాత రెండు వారాలకోసారే పంపేదాన్ని. ముందుగా ఏదీ రికార్డు చేసి పెట్టలేదు. బందైతే ఈసారి లేదని, ఎందుకు లేదో కూడా చెప్పేసేదాన్ని. అయినా ఎవరైనా "నేను మంచిగున్న" అంటే, రికార్డు ఆపి వాళ్ల ముఖం ఇంకోసారి చూసేదాన్ని.