అమ్మ దాచిన పిండిముద్ద

ఈ పొద్దున గిన్నె మీద తడిగుడ్డ తీయగానే పుల్లటి వాసన కొట్టింది. గరివిడిలో నాతో చదువుకున్న మిత్రులారా, ఆ వాసన మీకు గుర్తుందా? మా నాన్న బేకరీలో పిజ్జా మొదలుపెట్టిన కొత్తలో, బడి వదలగానే మీరంతా బట్టీ ముందుకి చేరేవారు. చీజు తక్కువ, ఉల్లిపాయ ఎక్కువ. "ఇదేటి మావా, మాడిన అట్టునాగున్నాది" అని నాన్నని వెక్కిరిస్తూనే ఇంకో ముక్క అడిగేవారు.

రోజూ ఆఖరున అమ్మ కలిపిన పిండిలోంచి గుప్పెడు తీసి దాచేది. మర్నాటి పిండి దానితోనే పులిసేది. అమ్మ పోయాక వదిన కూడా అదే చేసింది. ఆ ముద్ద వరస ఏనాడూ తెగిపోలేదు.

నిన్న అన్నయ్య దుకాణం మూసేశాడు. జనం ఫోన్లో పిజ్జా తెప్పించుకుంటుంటే మా గుమ్మం ఎక్కేదెవరు? చివరి పిండి కలిపాక, వదిన అలవాటుగా గుప్పెడు తీసి పక్కన పెట్టింది.

"రేపు బట్టీ ఎలిగించం కదే, అదెందుకే?" అన్నాడు అన్నయ్య.

"అత్త సేతి ముద్ద. నా సేత్తో పారెయ్యలేను" అని వదిన నా వైపు తిరిగింది. "బాబూ, నువ్వు పట్టుకెల్లు."

పులిసిన పిండి పాపానికి గుర్తని, ఇంట్లోంచి ఊడ్చి పారెయ్యమని, చర్చిలో బైబిలు వాక్యం చూపించి మైకులో గొంతు చించుకునే పాస్టర్ని నేను. ఆ గిన్నెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

రాత్రికి రాత్రే పిండి పొంగి గుడ్డను పైకెత్తింది. కాల్చడానికి మా ఇంట్లో బట్టీ లేదు. ఆ సంగతి దానికి తెలియదు.