సింహాచలం వంకర పాపిడి

సింహాచలానికి అద్దం పిచ్చి. అరకు సంతకొచ్చి ఉప్పు కొనడం మరిచిపోయినవాళ్లున్నారు, ముచ్చట్లలో పడి జీపు అందుకోలేకపోయినవాళ్లున్నారు. కానీ శుక్రవారం పొద్దున్నే వచ్చి, అప్పారావు ఫ్యాన్సీ కొట్లో నిలువుటద్దం ముందు నిలబడి, ఎండ వాలేదాకా అక్కడే దువ్వుకుంటూ ఉండిపోయేవాడు మాత్రం సింహాచలం ఒక్కడే.

అప్పారావు విజయనగరం వైపు నుంచి కొండెక్కొచ్చి గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు అమ్ముకుంటున్న మనిషి. తొమ్మిదేళ్ల కిందట ఏ పురుగు కుట్టిందో గానీ, మనిషంత ఎత్తు అద్దం ఒకటి తెచ్చి కొట్లో వెనక గోడకి బిగించాడు. సంతకొచ్చే కొండవాళ్లు దాన్ని చూసి నవ్వుకుని వెళ్లిపోయేవారే గానీ కొనేవారు కాదు. జీపులో పట్టదు, నెత్తిన పెట్టుకుని కొండెక్కడం అయ్యే పని కాదు. ఆ అద్దానికి దొరికిన ఒకే ఒక్క గిరాకీ సింహాచలం. ఆ గిరాకీ కూడా ఊరికే చూసుకునే రకం.

"ఎంతసేపు చూస్తావయ్యా? అద్దం అరిగిపోద్ది," అనేవాడు అప్పారావు.

"సూత్తే అరుగుతాదేటి, సావుకారూ?"

"పోనీ కొనుక్కో. ఇంటికి పట్టుకుపో."

"ఇంటికాడెడితే ఇందులో ఏటి కనబడతాది?"

"నీ మొహం కనబడతాది."

"దాన్నేటి సూత్తాం," అనేసి సింహాచలం మళ్లీ దువ్వెన తీసేవాడు.

ఇస్త్రీ మడత నలగని నీలం చొక్కా, జేబులో దువ్వెన. పెళ్లీ పెటాకులూ లేవు, యాభై దాటాయి, ఇంకా ఈ సోకేమిటని సంతంతా నవ్వుకునేది. పోనీ అంత దువ్వినందుకు తల చక్కగా ఉంటుందా అంటే అదీ లేదు. "పొద్దస్తమానం దువ్వినా ఆ పాపిడి మన ఘాట్ రోడ్డే. ఎన్ని మలుపులో చూడండి," అనేది అప్పారావు భార్య వరలక్ష్మి.

అక్కడితో ఆగితే అప్పారావు సర్దుకుపోయేవాడే. సింహాచలం అద్దంతో మాట్లాడేవాడు. అదీ నాలుగు కొట్ల అవతలికి వినబడేలా.

"ఒరే సింహాచలం, మేక వత్తంది. గింజలు సూసుకో."

అప్పారావు ఉలిక్కిపడి చూస్తే కొట్లో మేకా ఉండదు, గింజలూ ఉండవు. ఇంకో వారం, "ఒరే సింహాచలం, కొండ మీద మబ్బేసింది. బేగి పట్టా కప్పు," అనేవాడు. కొట్టుకేమో సిమెంటు శ్లాబు. గాజులు బేరమాడుతున్న ఆడవాళ్లు బెదిరిపోయి పక్క కొట్టుకి వెళ్లిపోయేవారు. టూరిస్టులు మాత్రం ముచ్చటపడి, వాడి పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకునేవారు. "కొంచెం జరగండమ్మా, అడ్డం వత్తన్నారు," అని వాళ్లని పక్కకి నెట్టి మరీ చూసుకునేవాడు. తన అందానికి ఇంకొకళ్లు అడ్డం రాకూడదట. ఎంత టెక్కు అని అప్పారావు పళ్లు నూరుకునేవాడు.

ఆ ఏడాది చలికాలం, కొత్తగా లాడ్జి కడుతున్న ఆసామి ఒకాయన కొట్లోకొచ్చి, అద్దం చూసి, అప్పారావు కొన్న ధరకి రెట్టింపు ఇస్తానన్నాడు. అప్పారావుకి నోరూరింది. తొమ్మిదేళ్ల గుదిబండ వదులుతుంది, దాంతోపాటు సింహాచలమూ వదులుతాడు.

"పాపం, అతన్ని ఓ మాట అడక్కూడదా?" అంది వరలక్ష్మి.

"అడిగితే అద్దమే కాదు, కొట్టు కూడా అమ్మొద్దంటాడు."

మంగళవారం వ్యానొచ్చి అద్దాన్ని పట్టుకుపోయింది.

శుక్రవారం సింహాచలం వచ్చాడు. గోడ మీద రెండు మేకులు, అద్దం ఉన్నంత మేరా తెల్లటి మచ్చ. జేబులోంచి సగం తీసిన దువ్వెనతో అలాగే నిలబడిపోయాడు.

"అమ్మేశాను," అన్నాడు అప్పారావు, అడక్కుండానే.

తిడతాడనుకున్నాడు. తిట్టలేదు. "అలాగా" అని గోడకేసి తిరిగి బల్ల మీద కూలబడ్డాడు. ఆ కూర్చోవడం అప్పారావు చూడలేకపోయాడు. వెనక చిలక బొమ్మ ఉన్న చేతి అద్దం ఒకటి తీసి, "ఇదుంచుకో. ఊరికే," అన్నాడు.

సింహాచలం దాన్ని భుజం మీదికెత్తాడు, చెవి పక్కన పెట్టాడు, అటూ ఇటూ వంచాడు. తిరిగిచ్చేశాడు.

"ఇందులో పట్టదు, సావుకారూ."

"అంత పెద్దదా నీ మొహం?"

"మొహం పడతాది. సంత పట్టదు."

అప్పారావుకి ఏమీ అర్థం కాలేదు. ఇంతలో వీధి అవతల ఎవడో గట్టిగా బేరమాడుతున్న గొంతు వినబడింది. సింహాచలం నిటారుగా లేచాడు. కానీ వెనక్కి తిరగలేదు.

"సావుకారూ, నా ఎనకాల నీలం పట్టా కింద రాజ్‌మా గింజలెట్టుకుని సిన్నమ్మి అని ఒకామి ఉంటాది. ఆమి కాడ మీసాలోడున్నాడేటో సూడు."

తొమ్మిదేళ్లలో మొదటిసారి అప్పారావు అటు పట్టించుకుని చూశాడు. తన కొట్టుకి సరిగ్గా ఎదురుగా, ముడిలో పసుప్పచ్చ పువ్వు పెట్టుకున్న ఒకావిడ.

"ఉన్నాడు. గింజలు కొలుచుకుంటున్నాడు."

"కొలిసే తవ్వ ఆమిదా, ఆడిదా?"

"వాడిదే. సంచీలోంచి తీశాడు."

"దాని అడుగు కిందకి ఉబ్బుంటాది. ఎక్కువ పడతాయి. నువ్వు కేకెయ్యి."

"నువ్వే తిరిగి వెయ్యొచ్చుగా?"

"ఒట్టుంది, సావుకారూ. నీకు దణ్ణమెడతాను, కేకెయ్యి."

అప్పారావు వీధిలోకొచ్చి, "ఓయ్ మీసాలబ్బాయ్, ఆ తవ్వ ఓసారి తిరగెయ్యి," అని అరిచాడు. మీసాలవాడు తవ్వ సంచీలో దూర్చుకుని జనంలో కలిసిపోయాడు. అప్పారావు లోపలికొచ్చి సింహాచలం పక్కన కూర్చున్నాడు.

అప్పుడు చెప్పాడు సింహాచలం. చిన్నప్పట్నుంచీ ఆవిడంటే ప్రాణం. ఆవిడ ఇంకొకర్ని చేసుకుంది. తొమ్మిదేళ్ల కిందట మొగుడు పోయాడు, ఇద్దరు గుంటలతో మిగిలింది. సింహాచలం చోళ్ల గింజల మూట ఒకటి వాళ్ల గుమ్మంలో పెట్టొచ్చాడు. వారం తిరక్కుండా ఇంకోటి. ఊళ్లో నోళ్లు లేచాయి, మరుదులు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. చిన్నమ్మికి కోపమొచ్చి, ఊరి దేవుడు శంకుదేవుడి రాయి దగ్గర పెద్దల ముందు అనేసింది: "నా మొహం సూడకు, నాతో మాటాడకు. సూసేవా, నాను సంతకి రావడం మానేత్తాను." సంత మానేస్తే పిల్లలు పస్తులుంటారు. సింహాచలం రాయి మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు.

"ఒట్టు తప్పలేదు, సావుకారూ. అద్దంలోది నీడ. మొహం కాదు. మాటాడింది నాతోటే."

"తొమ్మిదేళ్లా!" అన్నాడు అప్పారావు.

"శనోరమంటే నాకు గిట్టదు. శుక్రోరానికి శానా దూరం. ఆరు రోజులు కాఫీ తోటలో గడ్డి తీసుకుంటా, ఎప్పుడొత్తాదా అని బెంగెట్టుకునుంటాను. మరింకేటి సెయ్యాలో నాకు తెల్దు."

అప్పారావుకి ఆ రెట్టింపు డబ్బు మీద రోత పుట్టింది. లాడ్జికెళ్లి కాళ్లయినా పట్టుకుని అద్దం వెనక్కి తేవాలని చెప్పుల కోసం చూస్తుంటే, కొట్టు గుమ్మంలో చిన్నమ్మి నిలబడి ఉంది. సింహాచలం గబుక్కున కళ్లు మూసుకుని గోడకి ముక్కు ఆనించాడు.

"సావుకారూ, పెద్దద్దం ఏటి సేసినావు?"

"అమ్మేశానమ్మా. నీకెందుకు?"

"నాకెందుకేటి? తొమ్మిదేళ్లబట్టి నా ఎదురుగా ఉన్నాది. అందులో ఆయనకి నాను కనబడితే, నాకాయన కనబడడా?"

గాజులు సర్దుతున్న వరలక్ష్మి చేతిలోంచి డజను జారిపోయింది. సింహాచలం గోడకి ఇంకా అతుక్కుపోయాడు.

"ఒట్టెట్టించింది నానే, తీసేది నానే," అంది చిన్నమ్మి. "గుంటలు సదువులయి ఉజ్జోగాల్లో ఉన్నారు. మరుదులు ఏటనుకుంటే నాకేటి. పెద్దలకి నాను సెప్పుకుంటాను. ఇటు తిరుగు."

సింహాచలం తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు.

"సావుకారూ, ఆ సిన్నద్దం ఇలాగియ్యి. బేగి."

అప్పారావు చిలక బొమ్మ అద్దాన్ని ఆ చేతిలో పెట్టాడు. సింహాచలం దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు.

"ఓలమ్మ... ఇదంతా ఎప్పుడు నెరిసిపోయింది?"

తొమ్మిదేళ్లు అద్దం ముందు నిలబడ్డవాడు తన మొహం ఒక్కసారీ చూసుకోలేదని అప్పారావుకి అప్పుడు తెలిసింది.

"ఆరేళ్లయింది," అంది చిన్నమ్మి. "ముందు ఎడం పక్క నెరిసింది. కుడి పక్క మొన్న కాఫీ కోతలప్పుడు. పాపిడి మాత్రం మొదట్నుంచీ వంకరే."

అతని జేబులోంచి దువ్వెన తీసుకుంది.

"ఇటు తిరుగు, తీత్తాను."

సింహాచలం తిరిగాడు.