కొల్లేటి నీలాన్ని ఒప్పుకున్న మంగతాయారు గారు

మంగతాయారు గారు కన్నుమూశారన్న మాట గత మంగళవారం ఉదయం వారి అమ్మాయి కల్యాణి ఫోను చేసి చెప్పింది. అప్పుడు నేను ఏలూరులోని మా డిజైన్ గదిలో కిటికీ తలుపులు తీస్తున్నాను. ఆసుపత్రిలో చేరాక జ్వరం తగ్గింది, ఆయాసం నెమ్మదించింది, బుధవారం ఇంటికి పంపించేస్తామని డాక్టర్లు ముందు రోజే చెప్పి ఉన్నారు. తాడేపల్లిగూడెం తీసుకువెళ్ళడానికి ఏ కారు మాట్లాడాలో కూడా అనుకున్నాం. ఇంటికి వెళ్ళవలసిన మనిషి తెల్లవారుజామున గుండె ఆగి లోకాన్నే విడిచి వెళ్ళిపోయారు. కల్యాణి మాటలు చెవిని పడుతున్నాయి గాని, వాటి అర్థం మనసుకు చేరడానికి చాలాసేపు పట్టింది. ఫోను పెట్టేశాక రెండో తలుపు తీయాలన్న సంగతే మరిచిపోయి నిలబడిపోయాను.

చీరల మీద, చుడీదారు గుడ్డల మీద అచ్చయ్యే బొమ్మలకు రూపకల్పన చేసే కళాకారిణి ఆవిడ. కొల్లేటి లంక గ్రామంలో, చేపల వేట మీద బతికే కుటుంబంలో పుట్టారు. కైకలూరు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు ఆ చేతి వాటం గుర్తించి ప్రోత్సహించారు. తరవాత కొన్నాళ్ళు చెక్క అచ్చులతో గుడ్డకు రంగులద్దే చోట పని నేర్చుకున్నారు. పెళ్ళయి తాడేపల్లిగూడెం వచ్చాక, పిల్లను స్కూలుకు పంపి, భోజనాల బల్ల మీదే కాగితాలు పరుచుకుని డిజైన్లు గీయడం మొదలుపెట్టారు. భర్త అకాలంగా మరణించిన మీదట ఏలూరులో ఒక మేడ మీద రెండు గదులు తీసుకున్నారు. ఆవిడ చేయి పట్టుకుని ఈ విద్య నేర్చుకున్నవాళ్ళం నలుగురం. అత్తిలి నుంచి వచ్చిన నేను వారిలో మొదటిదాన్ని. ఆవిడ కాగితం మీద గీసింది కంప్యూటర్లోకి ఎక్కించడం, రంగులు విడదీయడం నా పని.

రోజూ తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఏలూరు వచ్చేవారు. ఆ ప్రయాణం ఆవిడకు పాఠశాల. ఎదురు సీటులో కూర్చున్నావిడ చీర మీద పువ్వు ఒళ్ళో ఎలా వంగింది, బుట్ట ఎత్తుకున్నప్పుడు చంకలో ఎలా నలిగింది, పైట తలమీద కప్పుకుంటే ఏ భాగం పైకి వచ్చింది, ఇవన్నీ గమనిస్తూ వచ్చేవారు. ఒకసారి అలా చూస్తూ కూర్చుని భీమడోలు దాటడం, దెందులూరు దాటడమే కాదు, ఏలూరు దాటడం కూడా చూసుకోలేదు. నూజివీడు స్టేషనులో దిగి మాకు ఫోను చేసి, "నెమలికంఠం రంగు చీర ఒకటి కనపడిందే, దాంతో పాటు వెళ్ళిపోయాను" అన్నారు.

ఏ డిజైను అయినా గోడకు తగిలించి చూడనిచ్చేవారు కాదు. నమూనా గుడ్డ రాగానే మాలో ఎవరో ఒకరం దాన్ని చీరలా చుట్టుకోవాలి, మెట్లు దిగాలి, ఎక్కాలి, బల్ల మీద కూర్చుని లేవాలి. ఆవిడ కింద వీధిలోకి వెళ్ళి తలెత్తి చూసేవారు. కాగితం మీద కన్నుల పండువగా ఉన్న బొమ్మలు ఎన్నో ఆ మెట్ల మీద వీగిపోయాయి. "కుచ్చిళ్ళలో సగం బొమ్మ దాక్కుంటుందమ్మా. కనపడే సగం కూడా బొమ్మలాగే ఉండాలి" అనేవారు. ఈ ఒక్క వాక్యం నేను చదువుకున్న చదువు కంటే ఎక్కువ రోజులు నాకు అన్నం పెట్టింది.

ఆవిడ సృజన ఎలా సాగేదో చెప్పడానికి కొంగకాళ్ళ డిజైను ఒక్కటి చాలు. హైదరాబాదులో ఖరీదైన దుస్తులు తయారుచేసే ఒక సంస్థవారు కొల్లేరు పేరుతో చీరలు తేవాలనుకుని ఆవిడను అడిగారు. లంకలో ఉంటున్న తమ్ముడు పోతురాజు దోనె నడుపుతుంటే, ఆవిడ ఒళ్ళో అట్ట పెట్టుకుని రోజులకు రోజులు కొల్లేటిలో తిరిగారు. మొదట నిండు పక్షులను గీశారు, ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు. అవి చూడముచ్చటగానే ఉన్నాయి. ఆవిడ మాత్రం పెదవి విరిచి, "ఇవి క్యాలెండరు కొంగలు" అని పక్కన పెట్టేశారు. తరవాత చేప కోసం నీళ్ళలోకి ముంచిన ముక్కులు గీశారు. అవీ నచ్చలేదు. చివరికి పక్షిని వదిలేసి, నీళ్ళలో నిలబడిన సన్నని కాళ్ళు, వాటి చుట్టూ విచ్చుకునే అలలు, అంతే ఉంచారు.

బొమ్మ చిన్నదయ్యేసరికి చిక్కు పెద్దదైంది. గుడ్డ మీద బొమ్మ ఒకసారి వచ్చి ఊరుకోదు, మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంటుంది. ఒక బొమ్మ అంచు పక్క బొమ్మ అంచుతో అతుకు తెలియకుండా కలవాలి. ఆ కాళ్ళు అలా పక్కపక్కన చేరేసరికి చీరంతా వెదురు దడి కట్టినట్టు కనిపించింది. నేను కంప్యూటర్లో ఎంత జరిపినా ఆ దడి పోలేదు. ఆవిడ వారమంతా ముభావంగా ఉండి, ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ లేచి, ఎడమ చేత్తోనే పెన్సిలు తీసుకుని, ఒక్క కాలు మడిచి పైకెత్తినట్టు గీశారు. దడి విడిపోయింది. పక్షి లేకపోయినా పక్షి ఒంటికాలి మీద నిలబడి ఉందని చూసేవాళ్ళకు తెలిసింది. "తినండి, చల్లారిపోతోంది" అన్నాను. ఆవిడకు వినపడలేదు.

ఇక రంగు. నీటికి నాచు రంగు, మట్టి రంగు, బూడిద రంగు కలిపి వేశారు. హైదరాబాదు నుంచి వచ్చిన యువతి, ఆ సంస్థలో డిజైన్లు ఎంచే అమ్మాయి, బొమ్మను చూసి నిజంగా చలించిపోయింది. నీళ్ళకు మాత్రం కొంచెం లేత నీలం ఉంటే బాగుంటుందండీ అంది. మంగతాయారు గారు మెత్తగానే చెప్పారు: "కొల్లేరు నీలంగా ఉండదండీ. నేను అక్కడే పుట్టాను." ఆ అమ్మాయి ఫోనులో ఫోటోలు చూపించింది. ఫోనులో అన్నీ నీలంగానే ఉంటాయని ఆవిడ తోసిపుచ్చారు. లేని రంగు వేయలేనన్నారు. కొన్నాళ్ళు మాటలు నడిచాయి. చివరికి ఆ పని చేజారింది.

నాకు చాలా బాధ కలిగింది. వేసవి అంతా మేమందరం ఆ పని మీదే కూర్చున్నాం. మా నలుగురిలో చిన్నదైన అమ్మాయి మరో చోట ఉద్యోగం చూసుకుంటానంది. ఆవిడ ఎవరినీ ఆపలేదు, ఎవరినీ నిందించలేదు. కిటికీ దగ్గర నిలబడి ఆ నమూనా గుడ్డను వెలుగుకు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ ఉండేవారు. ఆవిడ రంగు విషయంలో పట్టుదల గలవారు కనుక అలా చూస్తున్నారనుకున్నాం. చూపు మసకబారి అలా చూస్తున్నారని మాకు తోచలేదు. ఆవిడకూ తోచలేదు.

ఆ ఏడాది చివర, రైల్వే స్టేషనులో బోర్డు చదవలేక తడబడితే, కల్యాణి బలవంతాన కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, నీలం రంగును అవి సరిగ్గా కనపడనివ్వవు అన్నారు. ఒకదాని తరవాత ఒకటి ఆపరేషన్లు అయ్యాయి. కట్లు విప్పాక మొదటిసారి మా గదికి వచ్చిన రోజు నాకు బాగా జ్ఞాపకం. గుమ్మంలోనే ఆగిపోయారు. గోడను చూశారు, నా చీర చూశారు, బీరువా తెరిచి గడిచిన కొన్నేళ్ళ నమూనాలన్నీ బల్ల మీద గుట్టగా పోశారు. "పద్మా, ఇవన్నీ ఇంత పసుపుగా ఉన్నాయేమే?" అన్నారు. ఎప్పుడూ అంతేనండీ అన్నాను. మరెందుకు చెప్పలేదని ఆవిడ అడగలేదు. కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క గుడ్డా తీసి చూసి మడత పెట్టారు.

ఆ వారంలోనే నన్ను వెంటబెట్టుకుని లంకకు వెళ్ళారు. పోతురాజు దోనె తీశాడు. గట్టు దగ్గర నీళ్ళు ఆవిడ చెప్పినట్టే ఉన్నాయి, నాచు, బురద, గుర్రపుడెక్క. రెల్లులా పెరిగిన కిక్కిస దుబ్బులు దాటి విశాలంగా నీళ్ళు పరుచుకున్న చోటికి రాగానే ఆవిడ తమ్ముణ్ణి ఆగమన్నారు. ఎండ ఏటవాలుగా ఉంది, గాలి లేదు. కనుచూపు మేరా నీళ్ళు లేత నీలంగా ఉన్నాయి. ఆ అమ్మాయి అడిగిన నీలమే.

"ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుందా తమ్ముడూ?" అని అడిగారు.

పోతురాజు వింతగా చూసి, "ఆకాశం బాగుంటే ఇంతేగా అక్కా. చిన్నప్పుడు నువ్వే చూపించేదానివి" అన్నాడు.

ఆవిడ చేయి నీళ్ళలో పెట్టి అలాగే ఉండిపోయారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకేసి చూడకుండానే, "చూసినదాన్నే. మరిచిపోయి, లేదని వాదించాను" అన్నారు.

మర్నాడు మా ముందే హైదరాబాదు ఫోను చేశారు. "ఏవండీ, మీరన్న నీలం ఉందండీ. నిన్న చూసి వచ్చాను. తప్పు నాది" అన్నారు. అవతల ఆ అమ్మాయి ఏమందో వినపడలేదు. పని తిరిగి ఇమ్మని ఆవిడ అడగనూ లేదు. ఆ సంవత్సరపు చీరలు అప్పటికే మరొకరివి తయారైపోయాయి. అయినా ఆవిడ నీలంతో మరో నమూనా వేయించారు. మట్టి రంగుది తీసేయమంటారా అని అడిగితే, "ఎందుకు తీసేయడం? రెండూ నేను చూసినవేగా" అన్నారు. మరుసటి ఏడు ఆ సంస్థవారే వచ్చి నీలం తీసుకున్నారు. మట్టి రంగుది ఏలూరు కొట్లలోకి వెళ్ళింది. లంకలో పోతురాజు భార్యకు రెండూ చూపిస్తే మట్టి రంగుదే ఏరుకుని, "పనిలో కట్టుకుంటే మరక కనపడదు వదినా" అంది. ఆ మెప్పును ఆవిడ ఎంతో గౌరవంగా స్వీకరించారు.

కొన్నాళ్ళకు ఏలూరులో ఒక మహిళా సంఘంవారు ఆవిడకు సన్మానం చేశారు. మాట్లాడిన ఒక పెద్దాయన ఎవరివల్ల విన్నారో గాని, నీలం వేయనని పెద్ద సంస్థనే కాదన్న ధీరురాలని, కళాకారులకు ఉండవలసిన సిద్ధాంతబలానికి నిదర్శనమని కొనియాడారు. సభంతా చప్పట్లు కొట్టింది. ఆవిడ లేచి మైకు దగ్గరికి వచ్చి, అందరికీ నమస్కారం పెట్టి ఇలా అన్నారు: "అది సిద్ధాంతం కాదండీ, శుక్లం. కళ్ళు బాగయ్యాక చూస్తే ఆ అమ్మాయి చెప్పిందే నిజం. ఈ శాలువా కప్పేటప్పుడు మీకు అది తెలిసి ఉండాలి." జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నేను ముందు వరసలో ఉన్నాను. కీర్తి తనంత తానుగా వచ్చి ఒళ్ళో పడితే, ఇది నాది కాదని తీసి పక్కన పెట్టగలిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

అప్పటి నుంచి ఆవిడలో ఒక మార్పు వచ్చింది. ఏ రంగు కలిపినా మమ్మల్ని పిలిచి, మీకేం కనపడుతోందని అడిగేవారు. మేం చెప్పింది శ్రద్ధగా విని, ఒక్కోసారి మార్చేవారు, ఒక్కోసారి మార్చేవారు కాదు. అయితే మా పనిని చూసేటప్పుడు మాత్రం పాత కాఠిన్యమే. బాగోకపోతే బాగోలేదనే అనేవారు. ఎందుకు బాగోలేదో చెప్పేదాకా కూర్చోబెట్టేవారు.

ఆఖరి మాటలు ఆసుపత్రిలో, సోమవారం మధ్యాహ్నం. మంచం మీద పరిచిన దుప్పటికి చిన్న చిన్న ఊదా పువ్వులు ఉన్నాయి, ఉతికి ఉతికి వెలిసిపోయాయి. ఆవిడ వేలితో ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు గీత గీసుకుంటూ పోతున్నారు. ఏం చేస్తున్నారు మేడం గారూ అని అడిగాను. "అతుకు ఎక్కడుందో వెతుకుతున్నానే. దొరకలేదు. ఎవరో బాగా గీశారు" అన్నారు. వేలు ఆ పువ్వు మీదే ఉంచి, "వాళ్ళ పేరు మనకి తెలియదు చూడు" అన్నారు. నర్సు వచ్చి మందు ఇచ్చింది. నేను రేపు వస్తానని చెప్పి లేచాను.

మా చుట్టుపక్కల జిల్లాల్లో ఎందరో ఆడవాళ్ళు మంగతాయారు గారు గీసిన గుడ్డలు కట్టుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళారు, పొలాలకు వెళ్ళారు, పిల్లల్ని స్కూళ్ళకు దింపారు. వారిలో ఆవిడ పేరు ఎరిగినవారు ఎందరో నేను చెప్పలేను. అందుకే ఇది రాయాలనిపించింది. ఆ చేతికి, ఆ చూపుకు, ఆ చూపు తప్పిందని తెలిసిన నాడు నలుగురి ముందూ నిలబడి ఒప్పుకున్న ఆ నిర్మల హృదయానికి నా వినమ్ర ప్రణామం.

నిన్న కొత్త నమూనా గుడ్డ వచ్చింది. నేను గీసిందే, తామరతూళ్ళ డిజైను. బల్ల మీద పరిచాం. అందరూ చుట్టూ చేరి బాగుందన్నారు. అందులో ఎక్కడో ఏదో సరిగ్గా లేదని నాకు అనిపిస్తోంది. అదేమిటో తెలియడం లేదు. చెప్పగల మనిషి లేరు.