వరదానంగారి పందొమ్మిది గాలాలు

వరదానంకి చేపలు పట్టడమంటే ప్రాణమని అనకాపల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అందరికీ తెలుసు. ఆయన చేపలు పడుతుండగా చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

లైన్‌మన్ ఉద్యోగం. గట్టిగా గాలి వీస్తే ఊళ్ళో సగం ఫోన్లు మూగపోయేవి. ఆ సగంమందీ ఆఫీసుకి కాకుండా నేరుగా ఆయన ఇంటికే వచ్చేవారు. వారానికి దొరికేది ఒక్క ఆదివారం. పొద్దున్న చర్చి, మధ్యాహ్నం భోజనానికి ఎవరో చుట్టాలు, సాయంత్రం స్త్రీల కూటం నుంచి భార్య కృపావతిని మోపెడ్ మీద తీసుకురావడం. ఇక నీళ్ళ దగ్గరికి వెళ్ళేదెప్పుడు? చిన్నప్పుడు తుమ్మపాలలో బడి ఎగ్గొట్టి, శారదా నది ఒడ్డున వెదురుపుల్లకి దారం కట్టి చిన్న చిన్న పరిగె చేపలు పట్టిన చెయ్యి అది. యాభై రెండేళ్ళొచ్చాక ఆ చేతికి ఏడాదికి ఒకసారో, రెండుసార్లో పని పడేది.

వెళ్ళడం కుదరనివాడు కొనడం మొదలుపెట్టాడు. మొదటి గాలం 1989లో విశాఖపట్నంలో కొన్నాడు. ఆఫీసు పని మీద వెళ్ళి, దుకాణంలో వేలాడుతున్న ఫైబర్ కర్రని ఊరికే చేత్తో పట్టుకుని ఒకసారి ఊపాడు. అంతే, ఊరికి దగ్గర్లోని పెద్ద చెరువు, కొండకర్ల ఆవ, దాని నీళ్ళూ తామరాకులూ కళ్ళముందు కదిలాయి. వచ్చే ఆదివారమే ఆవకి వెళ్తాననుకున్నాడు. ఆ ఆదివారం చర్చిలో కొత్త బల్లల ప్రతిష్ఠ వచ్చిపడింది. తరవాత ఇంకో గాలం కొన్నాడు. తరవాత ఇంకోటి.

ఇంట్లో మాత్రం ఎప్పుడూ మూడే కనబడేవి. తలుపు వెనక మూడు గాలాలు నిలబెట్టి ఉండేవి. నెలకోసారి వాటిని మార్చి, లోపల దాచినవాటిని బయటికి తెచ్చి నిలబెట్టేవాడు. కృపావతి లెక్కకి అవెప్పుడూ ఆ మూడే. ఒకసారి ఆవిడకి అనుమానమొచ్చింది.

"ఏవండీ, ఇది ఆకుపచ్చగా ఉండేది కదూ?"

"ఎండకి రంగు దిగిపోయింది కృపా."

"తలుపు వెనక ఎండేటండీ?"

వరదానంకి అప్పుడే ఎవరిదో ఫోను పనిచెయ్యడం లేదని గుర్తొచ్చి బయటికి వెళ్ళిపోయాడు.

2005 డిసెంబరులో ఆయన పాపం పండింది. క్రిస్మస్‌కి ఇంటికి రంగులు వేయించాలని కృపావతి మూడేళ్ళుగా అడుగుతోంది. మూడేళ్ళుగా ఆయన ఏదో ఒక వంక చెబుతున్నాడు. ఆ ఏడాది ఆవిడ అడగలేదు. ఆయన డ్యూటీకి వెళ్ళగానే, ఆవిడ పాఠాలు చెప్పే ప్రాథమిక పాఠశాలకి సెలవు చీటీ పంపించి, రంగులు వేసే దేముడిని పిలిపించింది.

దేముడు నిచ్చెన వేసుకుని అటక మీదికి తల పెట్టాడు.

"అమ్మగారూ, సాప సుట్టలో ఏటో కర్రలున్నాయండి."

"సారువి గేలాలు. తలుపెనక లేవంటే అక్కడే పెట్టుంటారు. మూడుంటాయి, జాగ్రత్తగా దింపు."

"మూడు కాదండి. ఆరు."

కృపావతి నిచ్చెన దగ్గరికొచ్చి నిలబడింది. బీరువా జరిపితే దాని వెనక నాలుగు. మంచం కింద కేబుల్ గొట్టంలో మరో మూడు, రేడియో ఏరియల్‌లా ఒకదాంట్లో ఒకటి ముడుచుకుని. తలుపు వెనక్కి చూస్తే ఎప్పటి మూడూ ఎప్పటిలాగే ఉన్నాయి. క్రిస్మస్ నక్షత్రానికి కట్టే వెదుళ్ళ కట్టలో ఇంకో రెండు. టీచరమ్మ కనక ఒక్కొక్కదాన్నే పెరట్లోకి తీసుకెళ్ళి, ప్రార్థనకి పిల్లల్ని నిలబెట్టినట్టు పొట్టివి ముందు, పొడుగువి వెనక, గోడకి వరసగా చేరవేసింది.

చివరికి దేముడు హాలు కిటికీకున్న పరదా దింపాడు.

"అమ్మగారూ, ఇది పరదా కర్ర కాదండి. దీనికి రింగులున్నాయండి, దారం దూరడానికి."

రెండేళ్ళ కిందట పరదా బిగించమంటే ఆయన ఒక్క మాట మాట్లాడకుండా బిగించిపెట్టడం, ఆవిడ ఆశ్చర్యపోయి ఆ సంగతి స్త్రీల కూటంలో చెప్పి మురిసిపోవడం, అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి.

పన్నెండున్నరకి వరదానం భోజనానికి వచ్చాడు. మోపెడ్‌కి స్టాండు వేస్తూ పెరట్లోకి చూశాడు. ముందు తట్టినది, ఆ మూల నల్ల జపాను గాలం ఎండలో ఉంది, పాలిష్ పోతుందేమోనన్న సంగతే.

"ఏటండీ ఇవి?"

"గేలాలు."

"గేలాలని మా రెండో తరగతి పిల్లలూ చెప్తారు. ఎన్ని?"

"ఓ నాలుగైదు..."

"దేముడూ, ఎన్నోయ్?"

"పందొమ్మిదండి," అని నిచ్చెన మీంచి వినబడింది. "బాత్రూమింకా సూళ్ళేదండి."

వరదానం తల గోక్కున్నాడు. తప్పు ఒప్పుకోవడానికి బదులు విడమరిచి చెప్పడం మేలనిపించింది. "చూడు కృపా, అన్నీ ఒకటే అనుకుంటావు గానీ దేని పని దానిదే. ఇది బొచ్చెకి. ఇది కొర్రమీనుకి. ఇది సముద్రానికి."

"సముద్రానికి ఎప్పుడెళ్ళేరు?"

"వెళ్తే ఉండాలి కదా?"

"మరి ఇదో?"

ఆవిడ చూపించినది చేతి కర్రంత లావుంది. అదెందుకు కొన్నాడో వరదానంకే స్పష్టంగా తెలీదు. "దీనికి సరిపడ్డ చేప ఇంకా ఈ పక్కకి రాలేదు," అన్నాడు.

నిచ్చెన మీంచి దేముడి బ్రష్షు జారి కింద పడింది.

"ఈ పదహారేళ్ళలో ఇంటికి ఎన్ని చేపలు తెచ్చేరండీ?"

"పదకొండు." ఆలోచించకుండానే చెప్పాడు. ఒక్కొక్కటీ ఏ రోజు పడిందో కూడా చెప్పగలడు.

"అంటే తలా ఒక చేపైనా రాలేదు. ఆ పదకొండూ కూడా మీరెప్పుడూ పట్టుకెళ్ళే ఈ వెదురుకర్రకి పడ్డవే. మిగతావాటికి తడైనా తగల్లేదు."

"తడిస్తే పాడైపోతాయి కృపా."

అంతలో "వందనాలు, వందనాలు" అంటూ పాస్టరు రూఫస్‌గారు గేటు తీసుకుని లోపలికొచ్చారు. జనవరి ఇరవయ్యారున చర్చి సంఘంవాళ్ళందరూ కొండకర్ల ఆవకి పిక్నిక్ వెళ్ళాలని అనుకుంటున్నారు. ఆ చందాకొచ్చారాయన. గోడ వారగా నిలబడ్డ గాలాల్ని ఎడమ నుంచి కుడికి చూసి, మళ్ళీ కుడి నుంచి ఎడమకి చూసి, కళ్ళు మూసుకున్నారు.

"పెద్దవాళ్ళకి ఏం ఆటలు పెట్టాలా అని వారం రోజుల్నుంచి ప్రార్థన చేస్తున్నానండీ. మ్యూజికల్ చెయిర్స్ అంటే మోకాళ్ళ నొప్పులంటున్నారు. చూశారా, దేవుడు ముందుగానే చేసిన ఏర్పాటు! వరదానంగారూ, వీటిని సంఘం కోసం తీసుకురాగలరా?"

వరదానం నోరు తెరిచే లోపల కృపావతి అంది: "తప్పకుండా తెస్తారండీ అయ్యగారూ. అన్నీ తెస్తారు."

తరవాతి ఆదివారం చర్చిలో ప్రకటన కూడా అయిపోయింది. అందరూ వెనక్కి తిరిగి చూస్తే వరదానం చిరునవ్వు నవ్వాడు. ఆ నెలన్నరా ఆయన పడ్డ యాతన ఆయనకే తెలుసు. జనవరిలో తుపాను రాదని తెలిసీ రోజూ ఆకాశంకేసి చూసేవాడు. ప్రతి గాలానికీ ఆఫీసు టేపు చుట్టి ఎవరికేదో పేరు రాశాడు. నిదానస్తులకి మంచివి, దూకుడు మనుషులకి నాసిరకం. ఆ నల్ల జపాను గాలం మాత్రం గుడ్డసంచిలో పెట్టి, "దీని రీలు పట్టేసింది" అని బీరువా మీద పెట్టాడు. గాజువాకలో పాత ఓడ సామాను అమ్మేచోట దొరికింది అది. అలాంటిది మళ్ళీ దొరకదు.

పిక్నిక్ రోజు పొద్దున్న అందరూ బస్సెక్కాక కృపావతి వచ్చింది. చంకలో గుడ్డసంచి ఉంది. "పట్టేసిన రీలే కదండీ, నాకు చాలు," అని ఆయన పక్కన కూర్చుంది.

ఆవ ఒడ్డున, అక్కడే చేపలు పట్టి బతికే అప్పలరాజు దోనె మీద నిలబడి ఉన్నాడు. రెండు తాటిబొందలు జతకట్టిన దోనె. వరదానం ఏడాదికోసారి వచ్చినా వాళ్ళిద్దరికీ పాత స్నేహమే.

"ఏటి బావా, ఊరంతా వచ్చీసినట్టున్నారు?"

"మా చర్చోళ్ళు బావా. ఓ రెండు గంటలు గేలాలేసుకుంటాం, ఏమనుకోకు."

అప్పలరాజు ఇస్త్రీ చొక్కాల్నీ, పట్టుచీరల్నీ, వాళ్ళ చేతుల్లో తళతళలాడుతున్న పద్దెనిమిది గాలాల్నీ తాపీగా చూశాడు. "ఏసుకోండి బావా. మీవల్ల ఆవకొచ్చే నట్టమేటీ నేదు."

అప్పలరాజు అన్నదే నిజమైంది. ఎర్రల్ని ముట్టుకోవడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు. డబ్బా మూత తీసి మెలికలు తిరుగుతున్న వానపాముల్ని చూసి సగంమంది వెనక్కి తగ్గారు. దాంతో పద్దెనిమిది గాలాలకీ ఎర గుచ్చే పని వరదానం మీద పడింది. ఈ చివర గుచ్చి ఆ చివరికి వెళ్ళేసరికి ఈ చివర ఎర ఖాళీ. ఒకరి దారం ఇంకొకరి దారంతో, ఆ రెండూ కలిసి తామరతూడుతో పెనవేసుకునేవి. సంఘం సెక్రటరీ శాంతికుమార్ గాలం వెనక్కి ఎత్తి విసిరితే, పాస్టరుగారి నెత్తి మీద ఎండకి కప్పుకున్న తువ్వాలు లేచి నీళ్ళలోకి ఎగిరిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండోసారి శాంతికుమార్ గాలం బిగిసింది. "పడింది! పెద్దది!" అని కేకలు పెడుతూ రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగాడు. గాలం విల్లులా వంగింది. ఇంకా వంగింది. ఫటేల్మంది.

అందరి చూపులూ వరదానం మీదే. ఆయన వచ్చి విరిగిన ముక్క చేతిలోకి తీసుకున్నాడు. ఎనిమిదేళ్ళు చాపలో చుట్టి దాచిన గాలం. కోపం వస్తుందేమోనని తనే ఎదురుచూశాడు, కానీ రాలేదు. దాని బదులు ఒక ఆరాటం పుట్టింది.

"బాగా బిగిసిందా?"

"అబ్బో! చేతులు పీకేసిందండీ."

"వంగినప్పుడు ఎలా ఉంది? సాఫీగా వంగిందా?"

"వంగిందండీ. సారీ అండీ. ఏం చేపంటారు?"

అవతల దారం చుట్టుకున్న తామరతూడు ఊగుతూనే ఉంది. వరదానం దానికేసి ఓసారి చూసి, "బొచ్చె అయ్యుంటుంది," అన్నాడు. శాంతికుమార్ మొహం వెలిగిపోయింది.

అప్పుడే పక్కనుంచి కృపావతి గొంతు వినబడింది. "ఏవండీ, ఇలా రండి. దీన్ని అవతలనుంచి ఎవరో లాగుతున్నారు."

నల్ల గాలం చివర నీళ్ళని ముద్దుపెట్టుకుంటోంది. వరదానం బురదలో పరుగెత్తాడు.

"లాగు!"

"లాగుతున్నానండీ!"

"అంత లాగకు, తెగిపోద్ది!"

"ఏదో ఒకటి చెప్పండి!"

దోనె మీంచి అప్పలరాజు అరిచాడు. "ఒదులు సెల్లెమ్మా! కాత్త దారం ఒదులు! అలాగ... ఇప్పుడు సుట్టు! బావా, నువ్వు దూరంగుండు!"

కృపావతి మొగుడి మాట వదిలేసి అప్పలరాజు మాట విన్నది. వదిలింది, చుట్టింది, మళ్ళీ వదిలింది. పట్టేసిందన్న రీలు వెన్నలా తిరిగింది. ఐదు నిమిషాలకి మోచేతి పొడుగు కొర్రమీను ఒకటి గట్టు మీద పడి, ఎగిరెగిరి మళ్ళీ నీళ్ళకేసి దొర్లింది. పాస్టరుగారు తెల్లప్యాంటుతో దాని మీద బోర్లా పడ్డారు. లేచినప్పుడు ఆయన గుండెలకి అదుముకున్నది అదే చేప.

మధ్యాహ్నం బిర్యానీలు అయ్యాక వరదానం, కృపావతి గట్టు మీద కూర్చున్నారు. నల్ల గాలం ఇద్దరి మధ్యా ఉంది, బురదా తడీ ఆరకుండా. ఆయన దాన్ని తుడుస్తాడనుకుంది ఆవిడ. తుడవలేదు.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. ఇన్నెందుకు కొన్నారు?"

"ఒకటి కొన్నప్పుడల్లా వచ్చే వారం వచ్చేద్దామనుకునేవాణ్ణి."

"పందొమ్మిదిసార్లు అనుకున్నారన్నమాట."

"ఊఁ."

కృపావతికి నవ్వొచ్చింది, నవ్వలేదు. "నాకు రెండో శనివారం బడి ఉండదు. మీరు లీవు పెట్టండి. ఎన్ని లీవులున్నాయి?"

"చాలా ఉన్నాయి. ఎప్పుడూ వాడలేదు."

"అవీ దాచేరా!" అని ఈసారి మాత్రం ఆవిడ గట్టిగా నవ్వేసింది.

ఆ కొర్రమీను ఆ రాత్రి వరదానం ఇంట్లో పులుసైంది. పాస్టరుగారికి ఒక గిన్నె వెళ్ళింది. తరవాత వారాల్లో సంఘంవాళ్ళు ఒక్కొక్కరే ఇంటికొచ్చి, "ఆ రోజు నా పేరు రాసినదే ఇవ్వండి" అని గాలాలు పట్టుకుపోయారు. దేముడూ ఒకటి అడిగాడు. కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. శాంతికుమార్ విరిగిన ముక్కలు కూడా అడిగి తీసుకుని, ఆ బొచ్చె కథ చెప్పేటప్పుడు అందరికీ చూపించేవాడు. చెప్పిన ప్రతిసారీ చేప ఓ అర కేజీ పెరిగేది. వరదానం ఎవరినీ వెనక్కి అడగలేదు.

రెండో శనివారాలు మాత్రం తప్పలేదు. ఆ జులైలో ఒక శనివారం పొద్దున్నుంచీ ఇద్దరికీ ఒక్క పరిగె కూడా పడలేదు. మూడింటికి వాన అందుకుంటే అప్పలరాజు ఇంటి అరుగెక్కారు. అతని భార్య అప్పలనర్సమ్మ తుడుచుకోమని తువ్వాలిచ్చి, వేడి అన్నంలోకి ఇంగిలాయి చేపల కూర వడ్డించింది. కృపావతి మారు అడిగి వడ్డించుకుంది. వాన తెరిపిచ్చాక తిరుగు బస్సెక్కి ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు. అనకాపల్లి ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు ఆగి ఖాళీ అయిపోయాక కండక్టరొచ్చి లేపాల్సొచ్చింది.